ముందర చక్రం

సైకిలును గురించి మాట్లాడేవారు దాని కంపెనీ పేరు చెబుతారు. ఎన్నేళ్ళయింది కొని అని చెబుతారు. ఆ రోజులలో ఎంతకు వచ్చిందో, ఇప్పుడు ఎంత అవుతుందో కూడా చెబుతారు. టైర్లను గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కాళ్ళకు వేసుకునే చెప్పులకున్న మర్యాద కూడా వాటికి లేదు. అవి అరిగిపోయేవి, పారవేసేవి అని మనకు లోకువ. మా ఇంట్లో అరవై ఏళ్ళకు పైగా టైర్లను గురించి మాట్లాడుకుంటూనే వున్నాము. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఈ వ్యాసం ఇద్దరం కూర్చుని రాస్తున్నది. ఎవరి మాట ఎక్కడ వున్నదో విడదీయడం మాకే సాధ్యం కాదు, కనుక పాఠకులు ఆ శ్రమ పడనక్కరలేదు. మాది బళ్ళారి. బడిలో కన్నడం, బజారులో రెండూ, ఇంట్లో తెలుగు. మా నాయన ప్రత్తి మండీలో గుమాస్తా. బాకీలు వసూలుకు హగరి ఒడ్డు పల్లెలకూ, మోకా వైపుకూ వెళ్ళివస్తూ వుండేవారు. అందుకని 1961లో మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన హెర్క్యులిస్ సైకిలు ఒకటి కొన్నారు. నల్లది, ఇరవైఎనిమిది అంగుళాల చక్రాలది. అది మా ఇంటికి ఎద్దుల జత వచ్చినట్టే.

సైకిలు ఇనుము మా నాయనను ఎన్నడూ బాధ పెట్టలేదు. ఆయనను బాధ పెట్టినవన్నీ టైర్లే. మా ప్రాంతపు దారులు ఎరిగినవారికి కారణం వేరే చెప్పనక్కరలేదు. వర్షాకాలం వెళ్ళగానే బాట పక్కన పల్లేరుగాయలు రాలుతాయి. దానిది ఒక విచిత్రమైన నిర్మాణం, ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఇక సర్కారు తుమ్మ సంగతి. తమిళనాటి పాఠకులు సీమై కరువేలం అంటారు. కన్నడంలో దానికి బళ్ళారి జాలి అని పేరు. ఊరికి కోట పేరో, కొండ పేరో తగిలించుకున్నవారున్నారు గాని, ముల్లుకు తమ ఊరి పేరు పెట్టుకున్న కీర్తి మాదే. వీటికి తోడు ఎద్దుల కాళ్ళనుంచి ఊడిపడే లాడం మేకులు. ఈ మూడింటినీ దాటి సాయంత్రానికి గాలితో ఇల్లు చేరిన రోజు మా నాయన పాట పాడుకుంటూ కాళ్ళు కడుక్కునేవారు. లేని రోజున సైకిలు నడిపించుకుంటూ వచ్చి, మాట్లాడకుండా పంపు తీసేవారు.

పంచరు వేయడం మాకు ఆయన నేర్పిన మొదటి విద్య. ఇప్పటి పిల్లలకు ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాము. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, గంగాళంలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూస్తారు. అది అందరూ చేసేదే. కాని రంధ్రం కనిపించగానే ప్యాచి వేయడానికి తొందరపడకూడదు. వాల్వు దగ్గర వాల్వు వుండేలాగు ట్యూబును టైరు పక్కన పరచి, రంధ్రానికి ఎదురుగా టైరులో ఏమున్నదో వెతకాలి. ముల్లు అక్కడే విరిగి కూర్చుని వుంటుంది. దాన్ని తీయకుండా ట్యూబు ఎక్కిస్తే మైలు దూరంలో మళ్ళీ దిగవలసిందే. టైరు లోపల వేలు పెట్టి తడిమేటప్పుడు మెల్లగా తడమాలి. మా ఇద్దరి వేళ్ళకూ ఆ పాఠం రక్తంతోనే వచ్చింది. తరువాత ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పలుచగా పూసి, అది ఆరి వేలికి అంటకుండా అయ్యేదాకా ఆగాలి. ఆ రెండు మూడు నిమిషాలు ఆగలేనివాడి ప్యాచి నిలవదు. "సొల్యూషను తడి మీద వుండంగానే అతికించేవాడు, చిక్కు తీరకముందే సంతకం పెట్టేవాడు ఒకటేరా" అనేవారు నాయన.

వాల్వులో చిన్న రబ్బరు గొట్టం వుండేది. బజారులో వాల్‌ట్యూబు అంటారు. అది చివికితే గాలి రాత్రికి రాత్రే పోయేది. అందుకని అమ్మ పోపుల డబ్బాలో ఒక అరలో రెండు వాల్‌ట్యూబులు ఎప్పుడూ వుండేవి. జీలకర్ర కోసం చెయ్యి పెట్టినవారికి అవి తగిలేవి.

టైరు అంటే రబ్బరు అని మనం అనుకుంటాము. అది సగం మాటే. టైరు బలం రబ్బరులో లేదు, లోపలి నూలులో వున్నది. పక్కపక్కనే పరచిన దారాల పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి, అంచులలో ఇనుప తీగ పెట్టి, పైన రబ్బరు పోస్తారు. ఆ రోజులలో దారాలు నూలువి, తరువాత నైలానువి వచ్చాయి. గాలి తోపుడును ఆపేది ఆ దారాలు. పైన వున్న రబ్బరు దారాలకు తొడుగు మాత్రమే. అందుచేత రబ్బరు కొంచెం అరిగినా భయం లేదు, గాటు పడి దారం తెగితేనే భయం. తెగినచోట టైరు బొబ్బలాగా ఉబుకుతుంది. గాటు పెద్దదైతే పాత టైరు ముక్క ఒకటి లోపల పెట్టి కొన్నాళ్ళు తొక్కవచ్చును. అది కర్ర పట్టుకుని నడవడం వంటిది. పరుగు పెట్టడానికి పనికిరాదు.

గాలి టైరును పుట్టించినది కూడా ఒక తండ్రి ప్రేమే. బెల్‌ఫాస్టులో పశువైద్యుడుగా వున్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళబాట మీద అదురుతున్నదని, చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన అంతకు ముందే, 1845లోనే, ఇటువంటిదానికి పేటెంటు పొందాడని తరువాత తేలింది. అయినా లోకం పట్టుకున్నది కొడుకు కోసం చేసిన దానినే. మా నాయనకు ఈ కథ తెలియదు. తెలిస్తే ఎంతో ఇష్టపడేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము.

సైకిలుకు రెండు టైర్లు వుంటాయి గాని, రెండూ ఒక్కలాగు అరగవు. మనిషి బరువులో ఎక్కువ పాలు వెనక చక్రం మీద పడుతుంది. పెడలు తొక్కిన బలమంతా దానిమీదనే పోతుంది. క్యారియరు మీద మూట గాని, మనిషి గాని కూర్చుంటే అదీ దానికే. ముందరి టైరు ఒకటి అరిగేలోపల వెనకవి రెండు అరిగిపోవడం మేము చూసినదే. 1972లో మా వెనక టైరు ఆ దశకు వచ్చింది. పైన గీతలు పోయాయి, ఒకచోట లాడం మేకు దిగిన గాటు వుంది, లోపల పాత టైరు ముక్క వుంది. కొత్త టైరు అంటే ఆ నెల బియ్యం లెక్కలో కోత పడుతుంది. మా నాయన లెక్కలు తెలిసిన మనిషి. అరిగినదాన్ని ముందరికి, ముందరిదాన్ని వెనక్కు మారిస్తే రెండూ సమానంగా అరుగుతాయి, ఇంకో ఆరు నెలలు గడుస్తాయి అనుకున్నారు. కాగితం మీద ఆ లెక్కలో తప్పు లేదు. ఒక రాత్రి వరండాలో కూర్చుని మార్చారు. అమ్మ లాంతరు పట్టుకున్నది. మేము ఇద్దరం వంతులేసుకుని గాలి కొట్టాము.

ఆ మే నెలలో పెద్దమ్మ కూతురి పెళ్ళి. నాయనకు మండీలో తీరలేదు. మాలో ఒకడు అమ్మను క్యారియరు మీద కూర్చోబెట్టుకుని హగరి వైపు బయలుదేరాడు. ఎవడో చెప్పడం అనవసరం. ఆ రోజు రెండోవాడు జ్వరంతో పడుకుని వుండకపోతే వాడే వెళ్ళేవాడు. పగలు పదకొండు గంటలు. ఒక మోరీ దగ్గర బాట కొంచెం దిగుతుంది. ఆ దిగుడులో ముందర టైరు పేలింది. తుపాకి దెబ్బ వంటి చప్పుడు. వెనక టైరు పేలితే సైకిలు అడ్డంగా ఊగుతుంది, కాలు నేలకు ఆనించి నిలుపుకోవచ్చును. ముందరిది పేలితే ఇక చేతి మాట చక్రం వినదు. తొక్కేవాడు ముళ్ళలో పడ్డాడు. అమ్మ ఎడమచెయ్యి నేలకు ఆనించి పడింది.

మణికట్టు విరిగింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టారు. ఆరు వారాలు వుంచమన్నారు. నాలుగో వారంలోనే, వంట ఎవరు చేస్తారు అని, అమ్మ తానే పట్టుబట్టి తీయించుకున్నది. చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కున్నది. ఇప్పటికీ అట్లాగే వుంది. రోలు ముందు కూర్చున్నప్పుడు ఆ చెయ్యి ఒక తీరుగా తిప్పుకునేది. మేము అటు చూసేవాళ్ళం కాము.

పరామర్శకు వచ్చినవారందరికీ మా నాయన ఒకే మాట చెప్పారు. "ఎండకు పేలింది." బళ్ళారి ఎండను ఎవరు కాదంటారు? వచ్చినవారు తలలూపారు. సైకిలు షాపు అతను కూడా, మే నెలలో ఇంతే సామీ అన్నాడు. పోగా పోగా మా ఇంట్లో అది నిజంగానే నిలబడింది. రెండేళ్ళు నిలబడింది.

1974లో మాలో ఒకడు పి.యు.సి. చదువుతున్నాడు. వేడికి గాలి పీడనం ఎంత పెరుగుతుందో కొత్తగా నేర్చుకున్నాడు. ఆ వయసులో నేర్చుకున్నది నోట్లో నిలవదు గదా. రాత్రి భోజనాల దగ్గర పలక తెచ్చి లెక్క వేశాడు. ఉదయం 25 డిగ్రీల చల్లదనంలో 50 పౌన్ల గాలి కొట్టామనుకుందాము. బయటి గాలి బరువు సుమారు 15 పౌన్లు కలిపితే మొత్తం 65. ఎండలో లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కినా ఆ 65 కాస్తా 73కు లోపలే వుంటుంది. మళ్ళీ 15 తీసేస్తే 58 పౌన్లు. అంటే పెరిగినది ఎనిమిది పౌన్లే. మంచి టైరు అంతమాత్రానికి పేలదు. "కాబట్టి ఎండ తప్పు కాదు నాయనా. దారాలు తెగిన టైరు ముందర వుండడమే తప్పు" అని ముగించాడు. లెక్క సరిపోయిందన్న సంతోషం తప్ప వాడి మనసులో వేరే ఏమీ లేదు.

నాయన కలిపిన అన్నం కలిపినట్టే వుండిపోయింది. ఆయన తల ఎత్తలేదు. మా ఇద్దరికీ అప్పుడు తెలిసింది, మేము ఏమి చేశామో. ఆ రాత్రి లాంతరు పట్టుకున్నది ఎవరో కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది.

అమ్మ మజ్జిగ గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టింది. "ఎండే పేల్చిందిలేరా. నీ పలక ఆవల పెట్టి అన్నం తిను" అన్నది. అంతే. ఆ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

కాని మరునాడు సాయంత్రం నాయన ఒక కొత్త టైరు తెచ్చారు. దాన్ని ముందర చక్రానికి ఎక్కించారు. ముందర వున్నదాన్ని వెనక్కు వేశారు. వెనకది విప్పి, కోసి, బావి చేదకు కట్టారు. 1999లో ఆయన పోయేదాకా ఆ పద్ధతి తప్పలేదు. కొత్తది ఎప్పుడూ ముందరికి, ముందరిది వెనక్కు, వెనకది బయటికి. ఏ సైకిలు పుస్తకమూ చదవకుండానే ఆయన చేరుకున్న ఈ పద్ధతినే సైకిలు తెలిసినవారు ఈనాటికీ చెబుతారు. వెనకది ముందరికి తేవడం మాత్రం ఎన్నటికీ కూడదు.

అమ్మకు కూడా ఒక అలవాటు పడింది. శుక్రవారం గడపకు పసుపు పెట్టి లేచేటప్పుడు, వరండాలో సైకిలు ముందర టైరును బొటనవేలితో నొక్కేది. ఎడమచేతి బొటనవేలుతోనే. మెత్తగా వుంటే, "ముందర చక్రానికి గాలి చూసినారా?" అని మమ్మల్ని పిలిచేది. గాలి తక్కువైన టైరు పంచరైన టైరుకంటే ఎక్కువ నష్టమని మాకు తెలిసినది ఆ బొటనవేలు వల్లనే. గాలి లేని టైరు తొక్కితే పక్కలు నలిగి దారాలు చివుకుతాయి. గుంటలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నొక్కుకుని, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ముల్లు వల్ల పోయినవాటికంటే బద్ధకం వల్ల పోయిన టైర్లే ఎక్కువ.

నాయన పోయిన తరువాత సైకిలు వరండా మూలకు చేరింది. మేము స్కూటర్ల మీద తిరుగుతున్నాము. గాలి కొట్టేవారు లేక టైర్లు తమ రిమ్ముల మీదనే కుంగి, పక్కలు బీటలు వారాయి. అమ్మ ఏమీ అనలేదు. శుక్రవారాలు వేలు పెట్టడం కూడా మానేసింది. తొక్కకుండా నిలిపిన టైరు తొక్కినదానికంటే ముందు పాడవుతుందని మేము చూస్తూనే వున్నాము, చేసినదేమీ లేదు.

2018లో, ఉద్యోగాలు అయిపోయి ఇద్దరం ఇంట్లో వున్నప్పుడు, దాన్ని బాగుచేయిద్దామనుకున్నాము. ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటి చెబితే ఎవరికైనా పనికిరావచ్చును. ఇంట్లో కూర్చుని ఫోనులో, 28 అంగుళాలు అని రాసి వున్న టైర్లు రెండు తెప్పించాము. ఎంత లాగినా రిమ్ము మీదికి రావు. స్పానరు వంగింది గాని టైరు వంగలేదు. తరువాత తెలిసినదేమంటే, 28 అంగుళాలు అనే పేరుతో ఒకటి కంటే ఎక్కువ కొలతలు వున్నాయి. మన పాత నల్ల సైకిళ్ళది 28కి ఒకటిన్నర, దాని రిమ్ము మీద టైరు అంచు కూర్చునేచోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పటి రేసు రకం సైకిళ్ళది 700సి అంటారు, దాని కొలత 622. పదమూడు మిల్లీమీటర్లే తేడా. అయితే లోపల వున్నది ఇనుప తీగ, సాగదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో ఈ కొలత అచ్చు వేసి వుంటుంది. కొనేముందు అది చూడాలి. చివరకు కౌల్ బజారు షాపులో సరైనవి దొరికాయి. అవి ఈనాటికీ తయారవుతూనే వున్నాయి.

మేము తెప్పించిన తప్పు టైర్లు మాత్రం వృథా కాలేదు. మాలో ఒకడి కొడుకు బెంగళూరులో పని చేస్తున్నాడు. వాడి దగ్గర సన్న టైర్ల రేసు సైకిలు వుంది. 23 మిల్లీమీటర్ల టైర్లు, అందులో 110 పౌన్ల గాలి. ఎంత గట్టిగా వుంటే అంత వేగం అని వాడి నమ్మకం. సెలవులకు దాన్ని బళ్ళారి తెచ్చి, హొసపేట బాట మీద ఒక ఉదయం తొక్కి వచ్చి, మణికట్లు పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ మెల్లగా లేచి వచ్చి, ఆ సన్న టైరు మీద బొటనవేలు పెట్టింది. "రాయి మాదిరి వుంది గదరా అబ్బీ. దీంట్లో గాలి ఎందుకు నింపినారు? ఎముకలు అదరనికా?" అన్నది.

వాడు నవ్వాడు. మేమూ నవ్వాము. కాని ఆ తరువాత వాడే చదివి చెప్పాడు. పందెగాళ్ళు కూడా ఈ పది పదిహేనేళ్ళలో 23 నుంచి 25కు, 28కి, అంతకంటే వెడల్పుకు మారారట. గరుకు బాట మీద మరీ గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరి మనిషిని అదిలిస్తుంది, ఆ అదురులోనే బలం వృథా అవుతుంది. వెడల్పు టైరు, తగినంత గాలి, ఇవి రాళ్ళను మింగుకుంటూ పోతాయి. మా పొరపాటు టైర్లు 28 మిల్లీమీటర్లవి. వాడి రిమ్ముకు సరిపోయాయి. ఇప్పుడు 70 పౌన్లతో తొక్కుతున్నాడు, వేగం తగ్గలేదంటున్నాడు. సన్న టైర్లకు వేలి అంచనా చాలదు, మీటరు చూసుకోవలసిందే. ఆ మాట మేము ఒప్పుకుంటాము. డన్‌లప్ కొడుకు బండి అదరకుండా చేసిన గాలిని, మనం అదరడానికే నింపుకుంటున్నామని కనిపెట్టినది మాత్రం మీటరు కాదు.

నాయన సైకిలుకు టైర్లు ఎక్కించిన రోజు సంగతి చెప్పి ముగిస్తాము. కడిగి, తుడిచి, పాత రబ్బరు తగిలినచోట నూనె మరక లేకుండా చేసి, వరండాలో నిలబెట్టాము. నూనె రబ్బరును తింటుందని నాయన చెప్పినది మరవలేదు. అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఇండ్లల్లో ఏది కొత్తది?" అని అడిగింది.

"రెండూ కొత్తవేనమ్మా."

"రెండూనా? అయితే ముందరిది ఇంకోసారి చూడు."

మేము చూశాము. గాలి సరిగానే వుంది. అయినా పంపు తెచ్చి, ఇద్దరం వంతులేసుకుని, నాలుగు నాలుగు సార్లు కొట్టాము. అమ్మ వంకర చెయ్యి ముందుకు చాచి, నొక్కి చూసి, "చాలు" అన్నది. ఇప్పుడు ఆమెకు ఎనభైయారేళ్ళు. శుక్రవారాలు మళ్ళీ మొదలయినాయి.